పటాలం ఉత్తరాల జాడ

సందేహం: మా ముత్తాత మొదటి ప్రపంచయుద్ధంలో 20వ దక్కన్ హార్స్‌ సవారుగా ఫ్రాన్స్ వెళ్లాడట. సైనికుల ఉత్తరాలు స్థానిక పత్రికల్లో పడేవని, వాటికి సూచికలున్నాయని విని వెతికాను. ఆయన పేరు లేదు. ఇంకెక్కడ చూడాలి?
- ఒక పాఠకుడు, తిరుమలగిరి, సికింద్రాబాద్

సమాధానం: మీరు చూసిన సూచికలు చాలావరకు బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఊళ్ల పత్రికలవి. కొడుకు ఉత్తరం అందితే అక్కడివాళ్లు పత్రికకు ఇచ్చేవారు. మనవాళ్ల ఉత్తరాలు సెన్సారు చేతుల్లో పడేవి. కొన్నింటిని ఇంగ్లీషులోకి మార్చి నివేదికల్లో చేర్చారు. అవి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. వాటినుంచి ఏరి డేవిడ్ ఒమిస్సీ 1999లో తెచ్చిన 'ఇండియన్ వాయిసెస్ ఆఫ్ ది గ్రేట్ వార్'తో మొదలుపెట్టండి.

అక్కడ కూడా పేరు పట్టుకుని వేలాడకండి. తెల్లదొరల గుమాస్తాలు మన పేర్లను చెవికి తోచినట్టు రాశారు. పటాలం, తేదీ నమ్మదగ్గవి. దక్కన్ హార్స్ సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్‌లోది. 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో, హై వుడ్ దగ్గర, బల్లేలు పట్టి గుర్రాల మీద దాడి చేసింది. ఆ తర్వాతి వారాల నివేదికలు ముందు తిరగేయండి.

బ్రిటన్ పత్రికల సూచికలనూ పక్కన పడేయకండి. ఆ దాడిలో పక్కనే ఉన్న 7వ డ్రాగూన్ గార్డ్స్ తెల్లవాళ్ల పటాలం, అదే బ్రిగేడ్‌ది. వాళ్ల ఉత్తరాలు దొరికితే మీ ముత్తాత చూసిన యుద్ధమే కనబడుతుంది. అయితే సూచికలో పత్రిక పేరు, తేదీ రాసుకుని అసలు పుట చూడాల్సిందే. సంపాదకులు కత్తిరించి వేసేవారు.

ఇంకో మాట. ఉత్తరాలు విప్పి చదువుతారని మన సిపాయిలకు తెలుసు. అందుకే కొన్ని మాటలు గుప్తంగా రాసేవారు. నల్ల మిరియాలు అంటే భారత సేన, ఎర్ర మిరప అంటే తెల్ల సేన! సరుకుల ముచ్చట కనిపిస్తే రెండోసారి చదవండి.

సందేహం: మా తాతగారి తండ్రి నిజాం సేనలో, హైదరాబాద్ లాన్సర్స్‌లో పనిచేశారు. ఆయన ఉత్తరాలూ ఈ నివేదికల్లో ఉంటాయా?
- ఒక పాఠకురాలు, మారేడుపల్లి

సమాధానం: ఆశ పెట్టుకోకండమ్మా. పై నివేదికలు ముఖ్యంగా ఫ్రాన్స్ సేనలవి. హైదరాబాద్ లాన్సర్స్ ఈజిప్టు, పాలస్తీనాల్లో ఉన్నారు. నిజాం ప్రభుత్వ కాగితాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లండి. ఉర్దూ, ఫార్సీ చదవగలవారిని వెంట తీసుకెళ్లండి.