పూల్‌లో ఆ ఘాటు

పెరంబూరు, చెన్నై

చిట్టితల్లీ,

ఈతకు వెళ్లొస్తే కళ్లు మండుతున్నాయని, దగ్గు వస్తోందని నిన్న ఫోన్‌లో చెప్పావు. "క్లోరిన్ మరీ ఎక్కువ పోస్తున్నారు, మాన్పించేస్తా"నంది మీ అమ్మ. ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేకపోయాను.

ఆ ఘాటు క్లోరిన్‌ది కాదమ్మా. సరైన పాళ్లలో ఉన్న క్లోరిన్‌కు అంత వాసన ఉండదు. మన చెమటలో, మూత్రంలో ఉన్న యూరియా, అమ్మోనియాలతో అది కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. వాటిలో ట్రైక్లోరమైన్ నీళ్లలో నిలవదు. పైకి లేచి నీటి మీదే పరుచుకుంటుంది. మీరు తల తిప్పి ఊపిరి పీల్చేది సరిగ్గా అక్కడే. మీ పూల్ కప్పు కింద ఉంది కాబట్టి గాలి ఆడకపోతే అది మరీ పేరుకుంటుంది. అంటే ఘాటు పెరిగిందంటే క్రిములను చంపాల్సిన క్లోరిన్ మన మురికి మీద ఖర్చయిపోతోందని అర్థం. అప్పుడు క్లోరిన్ తగ్గిస్తే రోగాలు తగులుకుంటాయి.

ఒంటి మురికితో క్లోరిన్ కలిస్తే క్లోరోఫాం కూడా కొద్దిగా తయారవుతుంది. 1888, 1889లలో హైదరాబాదులో నిజాం సొమ్ముతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపిన రెండు కమిషన్లూ మత్తుమందుగా పరీక్షించింది దీన్నే. పూల్‌లో ఉండేది లీటరుకు మైక్రోగ్రాముల్లోనే, మత్తెక్కదు. అయినా రోజూ రెండు గంటలు ఈదే పిల్లల విషయంలో అది ఎంత తక్కువుంటే అంత మంచిదని నా పట్టుదల. సముద్రం చొరబడ్డ బోరు నీళ్లయితే వాటిలోని బ్రోమైడు వల్ల బ్రోమోఫాం కూడా వస్తుంది.

పుట్టిన క్లోరమైన్లను విరగ్గొట్టాలంటే ఒక్కసారిగా క్లోరిన్ బాగా పెంచాలి, లేదా కొత్త నీళ్లు కలపాలి. ఈతకు దిగే ఒక్కొక్కరికీ రోజుకు 30 లీటర్ల కొత్త నీళ్లు పట్టాలని లెక్క. పూండి, చెంబరంబాక్కం జలాశయాలు అడుగంటిన 2019 వేసవి నీకు గుర్తుందా? లారీ నీళ్ల కోసం బిందెలతో నిలబడ్డ ఊరికి ఆ 30 లీటర్లు చిన్న మాట కాదు. అందుకే మురికిని గట్టు మీదే వదిలెయ్యడం మేలంటాను. దిగేముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే ఒంటిమీది చెమట చాలావరకు పోతుంది. సబ్బు కూడా రాసుకుంటే ఇంకా మంచిది. మధ్యలో అవసరమైతే బయటికి రా, సిగ్గుపడకు.

1995లో దక్షిణాసియా క్రీడలకు వేళచ్చేరిలో ఈత సముదాయం కట్టినప్పుడు మీ నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఆ నీలపు నీళ్లు చూసి వాడు ఇంటికి రానన్నాడు. నిన్ను మాన్పించనివ్వను.

ఆదివారం నేనూ వస్తున్నాను. క్లోరమైన్ల రూపంలో ఉన్న క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాము దాటకూడదు. మీ పూల్‌లో రోజూ రాసే కొలతల పుస్తకం ఉంటుంది, కోచ్‌ను అడిగి ఇద్దరం చూద్దాం. సబ్బు పెట్టె మరిచిపోకు.

తాతయ్య