నామినీయు, వారసుడును

బ్యాంకు డిపాజిట్టు ఫారములో నామినీ పేరు వ్రాయు గడిని మనలో పెక్కుమంది తొందరగా నింపుదురు. కొందరు విడిచియే పెట్టుదురు. ఆ గడిలో పేరున్నవారే సొమ్మునకు యజమానులగుదురను నమ్మకము మన ఇండ్లలో గట్టిగా నాటుకొనియున్నది. మేమిచట పరిశీలింపదలచినది ఆ నమ్మకమునే.

సర్బతీ దేవి, ఉషా దేవిల వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1983లో తీర్పు చెప్పినది. ఒకాయన తన బీమా పాలసీలకు భార్యను నామినీగా వ్రాసి, వీలునామా లేకయే మరణించెను. తల్లియు, కుమారుడును తమ భాగములను కోరిరి. సొమ్మును పుచ్చుకొనుటకే నామినీకి అధికారమనియు, పంపకము వారసత్వ చట్టమును బట్టి జరుగవలెననియు న్యాయస్థానము నిర్ణయించినది. కంపెనీ వాటాల విషయమున 2023లోను ఇట్లే చెప్పినది. బీమాకు మాత్రము 2015 నాటి సవరణ, తలిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలైనచో లబ్ధియు వారిదేయనినది; దీనికి హైకోర్టులు చెప్పిన అర్థములు ఒక తీరుగా లేవు.

మన విద్యార్థులకు పరిచితమైన మీరాసు లెక్కతో చూతము. తండ్రి గతించిన ఒక ఉపాధ్యాయుడు పెండ్లికి ముందు తన డిపాజిట్టునకు తల్లిని నామినీగా వ్రాసెననుకొందము. పిదప పెండ్లియైనది, ఒక కొడుకు, ఒక కూతురు కలిగిరి, ఫారము మారలేదు. అతడు మరణించగా అంత్యక్రియల ఖర్చు, అప్పులు, చెల్లింపని మహరు పోను (మహరు కూడ అప్పేయని మరచువారనేకులు) పంచవలసినది 7,20,000 రూపాయలు. బ్యాంకు సొమ్మంతయు తల్లి చేతికిచ్చి తన బాధ్యత తీర్చుకొనును. కాని హనఫీ న్యాయమున ఆమె పాలు ఆరవ వంతు, అనగా 1,20,000. భార్యకు ఎనిమిదవ వంతు, 90,000. మిగిలిన 5,10,000లో కుమారునికి 3,40,000, కుమార్తెకు 1,70,000. అత్తగారు ఈ లెక్కనొప్పుకొననిచో కోడలు పసిబిడ్డలతో కోర్టు మెట్లెక్కవలసినదే. వసీయత్తు వ్రాసి సరిచేయుదమన్నను అది మూడవ వంతును మించరాదు. సున్నీల న్యాయమున, వారసులలో నొకరికి వ్రాసినచో తక్కినవారి సమ్మతియు వలయును.

ప్రావిడెంటు ఫండున నియమము వేరు. 1952 నాటి స్కీము ప్రకారము, కుటుంబము లేనప్పుడు వ్రాసిన నామినేషను కుటుంబమేర్పడినంతనే చెల్లకపోవును, క్రొత్తది వ్రాయవలెను.

2025 నవంబరు 1 నుండి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు, ఎవరికెంత వంతో చూపుచు, నామినీలుగా వ్రాయవచ్చును. మన ఉపాధ్యాయుడు తల్లి, భార్య, బిడ్డల పేర్లను మీరాసు పాళ్లతోనే నమోదు చేయవచ్చునన్నమాట. మైనరు పేరు వ్రాసినప్పుడు వాని తరపున సొమ్ము తీసికొను పెద్దవారి పేరును చేర్చి, బ్యాంకు ముద్రగల రసీదు పుచ్చుకొని, అది ఎక్కడ ఉంచినదియు ఇంటివారికి తెలుపవలెను.