రక్తపు మరకను పట్టిచ్చే కాంతి

హత్య జరిగిన చోట పోలీసులు ముందుగా వెతికేవాటిలో రక్తపు మరకలు ఒకటి. అయితే ఎర్రగా కనిపించిన ప్రతి మరకా రక్తం కాదు. తుప్పు, కిళ్లీ ఉమ్మి, పెయింటు కూడా ఎండిపోయాక అలాగే కనిపిస్తాయి. మరోవైపు నల్లటి బట్ట మీద పడిన నిజమైన రక్తం కంటికి ఆనకపోవచ్చు. మొదటి పొరపాటు వల్ల అమాయకుడు చిక్కుకుంటాడు. రెండో దానివల్ల దోషి తప్పించుకుంటాడు. ఈ రెండింటినీ తగ్గించగల స్పెక్ట్రల్ ఇమేజింగ్ పద్ధతి గురించి మనం తెలుసుకుందాం.

రక్తానికి గుర్తు ఏమిటి?

రక్తానికి ఎరుపు రంగునిచ్చేది హిమోగ్లోబిన్ అని జీవశాస్త్రంలో చదువుకున్నాం. పట్టకం గుండా పంపితే తెల్లని కాంతి ఏడు రంగులుగా విడిపోతుందని భౌతికశాస్త్రంలో చదువుకున్నాం. ఈ రెండు పాఠాలు ఇక్కడ కలుస్తాయి. హిమోగ్లోబిన్ తన మీద పడిన కాంతిలో కొన్ని తరంగదైర్ఘ్యాలను ఎక్కువగా శోషించుకుంటుంది. ఊదా రంగు ప్రాంతంలో సుమారు 415 నానోమీటర్ల దగ్గర ఈ శోషణ చాలా బలంగా ఉంటుంది. తాజా రక్తంలో 542, 577 నానోమీటర్ల దగ్గర కూడా కనిపిస్తుంది. ఇది రక్తానికి వేలిముద్ర వంటిది. ఇంగ్లాండుకు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1865లోనే ఈ గుర్తుల సాయంతో సూక్ష్మదర్శిని కింద రక్తపు మరకలను గుర్తించే విధానాన్ని వివరించాడు.

పాత పరీక్షలతో ఇబ్బంది

ల్యుమినాల్ అనే రసాయనాన్ని చల్లితే చీకట్లో రక్తం ఉన్నచోట నీలి వెలుగు వస్తుంది. కానీ బ్లీచింగ్ ద్రవానికి, రాగికి కూడా ఆ వెలుగు రావచ్చు. పైగా మరక చిన్నదైతే చల్లిన ద్రవంతో పలచబడిపోతుంది. ఫినాఫ్తలీన్‌తో చేసే పరీక్షకైతే మరకలో కొంత భాగాన్ని దూదితో అద్ది తీయాలి.

కొత్త పద్ధతి ఎలా పనిచేస్తుంది?

మామూలు కెమెరా ప్రతి బిందువు దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కొలతలే తీసుకుంటుంది. స్పెక్ట్రల్ కెమెరా అదే బిందువును పదుల సంఖ్యలో తరంగదైర్ఘ్యాల దగ్గర కొలుస్తుంది. హిమోగ్లోబిన్ గుర్తు ఉన్న బిందువులను కంప్యూటరు వేరుచేసి చూపిస్తుంది. ఇంగ్లాండులోని టీసైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 415 దగ్గరి శోషణ ఆధారంగా రక్తపు మరకలను గుర్తించే పద్ధతిని 2014లో ప్రచురించారు. నల్లబట్టల విషయంలో పరారుణ కిరణాలు ఉపయోగపడతాయి. చాలా నల్లరంగులు ఆ కిరణాలను అంతగా శోషించుకోవు కాబట్టి, వాటి మీది రక్తం విడిగా కనిపిస్తుంది. అన్నిటికంటే మేలు ఏమిటంటే, మరకను ముట్టుకోనక్కరలేదు. అది తరువాతి పరీక్షలకు చెక్కుచెదరకుండా మిగులుతుంది.

పరిమితులు

1. ఆ రక్తం మనిషిదా, జంతువుదా అన్నది ఈ చిత్రం తేల్చదు.
2. ఎవరిదో చెప్పడానికి డీఎన్ఏ పరీక్ష కావాలి. మన హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ ఈ పరీక్షకు పేరుపొందింది.
3. రక్తం పాతబడేకొద్దీ గోధుమరంగుకు మారుతుంది. దాన్నిబట్టి మరక వయసును అంచనా వేయవచ్చు. కానీ వేడిని, తేమను బట్టి ఆ అంచనా మారుతుంది.

మనకెందుకు?

బలవంతులకు భయపడి సాక్షులు మాట మార్చడం గురించి మనం వింటూనే ఉంటాం. అలాంటప్పుడు నష్టపోయేది పేదవాడే. మరకను బెదిరించడం ఎవరి తరమూ కాదు. జాగ్రత్తగా భద్రపరిస్తే అది ఉన్నదే చెబుతుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటనా స్థలానికి వెళ్లాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువుంది. అంటే ఈ పని తెలిసినవారి అవసరం పెరుగుతుంది.

హాస్టల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! భౌతిక, రసాయన, జీవశాస్త్రాలను మార్కుల కోసమే చదవకండి. రేపు ఒక నిరుపేద కుటుంబానికి న్యాయం అందించే చేతులు మన హాస్టళ్ల నుంచే రావాలని మేము కోరుకుంటున్నాం.