ఉప్పుగాలిలో తడబడే స్పార్క్

ప్రశ్న: పాత మారుతి 800 ఇంజను పెట్టి ఇంటి దగ్గరే బగ్గీ కట్టుకున్నాను సార్. కాయిల్, ప్లగ్గులు మార్చినా స్పీడ్ అందుకోగానే మిస్ కొడుతోంది. ఆర్‌పీఎం ముల్లు కూడా ఎగిరెగిరి పడుతోంది.
– ఒక పాఠకుడు, మైపాడు

జవాబు: ఇక కొత్త సామాను కొనకండి. ముల్లు కూడా ఎగురుతోందంటే తప్పు ప్లగ్గుల దగ్గర కాదు, కాయిల్‌కు ముందే ఉండొచ్చు. మీ తీరంలో నా మొదటి అనుమానం ఎర్త్ మీదే. ఛాసిస్‌కు ఎర్త్ బిగించిన బోల్టు విప్పండి. రింగు కింద పెయింటు ఉందా? రాగి మీద పచ్చటి చిలుము పట్టిందా? ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయండి. తర్వాత మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజను బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు దాటితే ఎర్త్ ఇంకా బాగుపడనట్టే.

డిస్ట్రిబ్యూటర్‌లో పికప్ కాయిల్ ఉంటే దాని సన్న తీగల్ని ప్లగ్ వైర్లతో కలిపి కట్టారేమో చూడండి. ఇంట్లో కట్టిన బళ్లలో ఇది మామూలే. వేల వోల్టుల పక్కన పికప్ పంపే చిన్న సిగ్నల్ చెదిరిపోతుంది. పికప్ తీగలు రెండింటినీ ఒకదానితో ఒకటి మెలిపెట్టి ప్లగ్ వైర్లకు దూరంగా తిప్పండి. షీల్డ్ కేబుల్ వేస్తే షీల్డ్‌ను ఒక కొసనే ఎర్త్ చేయండి.