సముద్రపు రంగు – కొలిచే సాధనాల ప్రామాణికత

మామిడి తోటల నడుమ విద్యాభ్యాసం చేసే నూజివీడు విద్యార్థులకు సముద్రశాస్త్రం దూరపు విషయంగా తోచవచ్చు. కాని కొలత ఎవరికీ దూరమైనది కాదు. కాయలు తూచే కాటా సరియైనదేనా అని రైతు వేసే ప్రశ్ననే, సముద్రపు కాంతిని కొలిచే శాస్త్రజ్ఞుడు తన పరికరాన్ని గురించి వేసుకుంటాడు. ఆ ప్రశ్నకు సమాధానం ఎట్లు లభిస్తుందో వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

ఆకాశపు నీలిమయే సముద్రంలో ప్రతిఫలిస్తున్నదని లార్డ్ రేలీ భావించాడు. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్న సి.వి. రామన్, 1921లో ఐరోపా నుండి ఓడలో తిరిగి వస్తూ ఈ భావనను పరీక్షించాడు. నీటిపై ప్రతిఫలించే ఆకాశకాంతిని ఒక చిన్న నికల్ పట్టకంతో తొలగించి చూశాడు. నీలిమ తగ్గకపోగా మరింత స్పష్టమైంది. నీటి అణువులు కాంతిని వెదజల్లడమే దీనికి ముఖ్యకారణమని 1922లో ప్రకటించాడు. సముద్రానిది కాని వెలుగును వేరు చేసినప్పుడే సముద్రపు వెలుగు తెలుస్తుందనేది ఇందలి పాఠం.

నేటి ఉపగ్రహాల సమస్య కూడ ఇదే. 1978లో అమెరికా నింబస్-7 ద్వారా తొలి సముద్రవర్ణ సాధనాన్ని పంపింది. 1999 మే 26న శ్రీహరికోట నుండి మన ఓషన్‌శాట్-1 నింగికెగసింది. నీటిలోని సూక్ష్మ వృక్షజాలంలో గల పత్రహరితం నీలికాంతిని అధికంగా పీల్చుకుంటుంది. కనుక నీలి, ఆకుపచ్చ కాంతుల నిష్పత్తిని బట్టి దాని పరిమాణాన్ని గణిస్తారు. కాని ఉపగ్రహాన్ని చేరే వెలుగులో సుమారు తొంబది పాళ్లు వాయుమండలానివి, సముద్రానివి పదిపాళ్లే. నూరు పాళ్లను పరికరం నూటొకటిగా చూపిందనుకొందాం. గాలి భాగమైన తొంబదిని తీసివేయగా పదికి బదులు పదకొండు మిగులుతుంది. మొత్తంలో నూటికి ఒకటిగా ఉన్న దోషం, సముద్రపు భాగంలో నూటికి పది అవుతుంది!

మరి సాధనాల తారతమ్యాన్ని నిర్ణయించడమెట్లు? రెండు కాటాలు ఒకే తూకం చూపినంత మాత్రాన అది నిజమైన తూకం కానక్కరలేదు. రెండింటిలోను ఒకే లోపం ఉండవచ్చు. ముద్ర వేసిన రాయితో వాటిని సరిచూడవలసిందే. ప్రయోగశాలలో అట్టి రాయి, ప్రకాశం ముందే నిర్ణయింపబడిన ప్రమాణదీపం. సముద్రంలో, 1997 నుండి హవాయి దీవుల వద్ద తేలుతూ నీటి నుండి వెలువడే కాంతిని కొలిచే బోయా. మన ఇస్రో కూడ లక్షద్వీపాలలోని కవరత్తి వద్ద ఇట్టి పరీక్షాస్థలాన్ని ఏర్పరచుకొన్నది. కాలక్రమంలో పరికరం మసకబారుతున్నదా అని తెలుసుకొనడానికి, 1997లో ఎగసిన సీవిఫ్స్ సాధనం నెలనెలా చంద్రుని చూసేది. చంద్రుని ఉపరితలం మారదు కనుక, కొలతలో మార్పు కనిపిస్తే అది పరికరంలోని మార్పే.

అయితే పరికరం నిర్దుష్టమైనంత మాత్రాన ఫలితం నిర్దుష్టం కాదు. కృష్ణా గోదావరుల ముఖద్వారాల వద్ద ఒండ్రుమట్టి, కుళ్లిన ఆకులలముల నుండి కరిగిన పదార్థం నీటి రంగును మార్చివేస్తాయి. లోతు సముద్రానికి రూపొందించిన సమీకరణం అచ్చట మట్టిని చూసి పత్రహరితమని భ్రమపడవచ్చు. అంతేకాక, ఓషన్‌శాట్ చిత్రంలోని ఒక్క చుక్క సుమారు 360 మీటర్ల మేర నీటికి సగటు. పడవలోని శాస్త్రజ్ఞుడు తోడేది ఒక్క పాత్రెడు నీరు. ఆ రెండింటి నడుమ వ్యత్యాసాన్నంతటినీ సాధనదోషంగా ఎంచడం న్యాయం కాదు.

ఈ సూక్ష్మవిచారం పండితుల వినోదం కొరకు కాదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, సముద్రపు రంగును, ఉపరితల ఉష్ణోగ్రతను పరిశీలించి చేపలు దొరకగల తావులను మత్స్యకారులకు తెలుపుతున్నది. కొలత తప్పితే మచిలీపట్నం బెస్తవాని డీజిలు వ్యర్థం. అతని రోజు వ్యర్థం. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. పాత ఉపగ్రహం స్థానంలో కొత్తది వచ్చినప్పుడు రెండింటినీ ఒకే ప్రమాణంతో సరిచూడకపోతే, సాధనం మారినందువలన వచ్చిన భేదాన్ని సముద్రమే మారిందని లోకం నమ్మే ప్రమాదముంది.

కావున విద్యార్థులారా! ఏ అంకెను చూసినా మూడు ప్రశ్నలు వేయండి: దేనితో కొలిచారు? ఆ సాధనాన్ని దేనితో సరిచూశారు? ఎంత మేరకు తప్పు ఉండవచ్చు? ఈ మూడింటికి సమాధానం చెప్పగల అంకెయే శాస్త్రమనిపించుకొంటుంది.