పద్మాపురం తోట – మన మెస్ వెనక జాగా

బొటానికల్ గార్డెన్‌ని తెలుగులో వృక్షశాస్త్ర ఉద్యానవనం అంటారు. పార్కులో అయితే పూలు, ఉయ్యాలలు ఉంటే చాలు. ఇక్కడ ఏ చెట్టు ఏదో, ఎక్కడిదో పేరు రాసి పెంచుతారు. మన దేశంలో పేరున్నది కలకత్తా దగ్గర హౌరాలో ఉంది. 1787లో మొదలైంది. అక్కడి మర్రిచెట్టు ఊడలు దిగి ఒక్కటే అడవిలా కనిపిస్తుందట.

మనకి దగ్గరది అరకులోని పద్మాపురం తోట. డిసెంబరులో మా తరగతి పిల్లలం శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డులో వెళ్ళాం. (దారిలో ఎంతమందికి వాంతులయ్యాయో రాయను.) రెండో ప్రపంచ యుద్ధం జరిగేటప్పుడు, 1942లో, సైనికులకి కూరగాయలు పండించడానికి ఆ తోట వేశారు. ఇప్పుడు జనం గులాబీలు, చిన్న రైలు, చెట్లమీద గుడిసెలు చూడ్డానికి వస్తున్నారు. అంటే మొదట అదీ కూరగాయల మడే! నాకు ఈ సంగతే బాగా నచ్చింది.

అక్కడ ఒక చెట్టుకింద ఊరికే కూర్చున్నాం. చెట్లు ఆకుల్లోంచి నీటిని ఆవిరిగా వదులుతాయి, దాన్నే బాష్పోత్సేకం అంటారని చదివాం కదా. నీడా, ఆ ఆవిరీ కలిసి చల్లగా ఉంటుంది. సెలవుల్లో చెబితే మా అమ్మ నవ్వింది. "చెట్టుకింద కూకోడానికి టిక్కెట్టు కొన్నారా?" అంది. మా అమ్మ చెట్టుకింద కూర్చుందంటే చేతిలో చింతపిక్కలు తీసే పనో, అడ్డాకులు కుట్టే పనో ఉంటుంది.

మా సీతంపేట కొండల్లో అనాస బాగా పండుతుంది. మనదే అనుకుంటాం గానీ అది దక్షిణ అమెరికా మొక్క. జీడిమామిడి బ్రెజిల్‌ది, పోర్చుగీసువారు తెచ్చారు. మిరప కూడా సముద్రం దాటి వచ్చిందే. అరకు కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది.

మరి మన దగ్గర్నుంచి ఏటి వెళ్ళింది? ఒక పేరు వెళ్ళింది. విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు 1793లో కలకత్తా తోటకి వెళ్ళకముందు మన సామర్లకోటలో ఉండి మొక్కలు పెంచాడు, మిరియాలు కూడా వేశాడు. ఇక్కడి మొక్కలకి మనవాళ్ళు చెప్పిన పేర్లు రాసుకున్నాడు. బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. వాటిలో ఎర్రని చేవగల సోమిడ చెట్టు ఒకటి. దాని శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మొదటి మాట మన తెలుగు సోమిడే! రెండో మాటకి జ్వరం పోగొట్టేది అని అర్థం. దాని బెరడు చేదు. జ్వరానికి వాడొచ్చని ఆయన రాశాడు. (ఇప్పుడు జ్వరం వస్తే ముందు రక్త పరీక్ష చేయించుకోవాలి, మలేరియా కావచ్చు.)

ఆ పేరు ఎవరో ఒకరు చెప్పబట్టే పుస్తకంలోకి ఎక్కింది. మా మామ్మ చదువుకోలేదు. కొండమీదికి వెళ్తే అడుగడుక్కీ ఒక మొక్క పేరు సవరలో చెబుతుంది. మూడో తరగతి నుంచి హాస్టల్లో ఉన్న నాకు వాటిలో సగం రావు. మా తమ్ముడికి అసలే రావు. మామ్మ పేర్లు ఏ పలకమీదా లేవు.

అందుకని నాకు ఒక ఆలోచన వచ్చింది. మన మెస్ వెనక బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు ఊరికే పోతున్నాయి. అక్కడ మడి కట్టవచ్చు. సబ్బు నీళ్ళు మాత్రం కలవనివ్వకూడదు. తోటకూర చల్లితే నెల లోపే కోతకి వస్తుంది. బచ్చలికి తీగముక్క, మునగకి కొమ్మ పాతితే చాలు, గింజ అక్కరలేదు. బొప్పాయి మొదట్లో నీరు నిలిస్తే కుళ్ళిపోతుంది, గట్టుమీద వెయ్యాలి. ఊడ్చిన ఆకులు తగలబెట్టకుండా మొదళ్ళలో పరిస్తే తడి ఆరదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళేవాళ్ళు తలా ఒక రకం విత్తనం తేవాలి. దానితోపాటు పేరు కూడా అడిగి తేవాలి, సవరలో, జాతాపులో, గదబలో, మీ ఇంట్లో ఎలా అంటే అలాగే. నేను కొండ చిక్కుడు, ఆనప గింజలు తెస్తాను. పేర్లు రాయడానికి విరిగిన పెంకులు చాలానే ఉన్నాయి. తెల్ల పెయింటు డబ్బా ఒకటి, సన్న బ్రష్షు ఒకటి ఇప్పించాలని వార్డెన్ మేడంగారిని కోరుతున్నాను.