వడ్లు వేరు, బియ్యం వేరు: పన్ను అప్పీళ్లలో కెరీర్

జనగామలో ఏ రైసుమిల్లుకు వెళ్లినా ఒకవైపు వడ్లు పోస్తుంటే మరోవైపు బియ్యం వస్తుంటాయి. పన్ను లెక్కలో ఆ రెండూ ఒకే సరుకా? కాదని గణేష్ ట్రేడింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కర్నూలు నుంచి వెళ్లిన తుంగభద్ర ఇండస్ట్రీస్ కేసులో మాత్రం 1960లో అదే కోర్టు వేరుగా చెప్పింది: వేరుశనగ నూనెను వనస్పతిగా గట్టిపరిచినా అది వేరుశనగ నూనేనంది. ఒకచోట సరుకు మారింది, ఇంకోచోట మారలేదు. ఎందుకని అడగాలనిపించినవారికి పన్ను అప్పీళ్లు సరైన వృత్తి.

వడ్లు, పత్తి, మిర్చి, బొగ్గు మధ్య పెరిగిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విద్యార్థులకు సరుకు గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. తీర్పు చదవడం, అప్పీలు రాయడం నేర్చుకుంటే చాలు.

అప్పీలు మెట్లు

జీఎస్టీ అధికారి ఉత్తర్వు నచ్చకపోతే మూడు నెలల్లో అప్పిలేట్ అధికారికి అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే మరో నెల గడువు దొరుకుతుంది. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. ఆపై జీఎస్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్, తర్వాత హైకోర్టు, సుప్రీంకోర్టు. ఆదాయపన్నుకు కమిషనర్ (అప్పీల్స్), ఆ తర్వాత 1941 నుంచి నడుస్తున్న ఆదాయపన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉన్నాయి. దానికి హైదరాబాద్‌లోనూ బెంచ్ ఉంది. ట్రిబ్యునల్ దాటి హైకోర్టుకు వెళ్లాలంటే లెక్కల తేడా చాలదు, ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉండాలి. దాన్ని పట్టి నాలుగు వాక్యాల్లో రాయడమే ఈ వృత్తిలో అసలు పనితనం.

భూపాలపల్లి బొగ్గు చెప్పే పాఠం

సింగరేణి తవ్వే బొగ్గు మీద కట్టే రాయల్టీ పన్నా, కాదా? పన్నేనని 1989లో ఇండియా సిమెంట్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2024 జులై 25న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 8–1 మెజారిటీతో ఆ మాటను తోసిపుచ్చింది. రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని చెప్పింది. జస్టిస్ బి.వి.నాగరత్న ఒక్కరే విభేదించారు. మెజారిటీ తీర్పుతో పాటు ఆమె తీర్పునూ చదివి, ఎవరి తర్కం ఎక్కడ బలంగా ఉందో రెండు పేజీల్లో రాసి చూడండి. న్యాయ పరిశోధనకు అది మొదటి మెట్టు. ఒక్క జడ్జి విడిగా రాసిన తీర్పు కూడా చాలాకాలం నిలవవచ్చు: హైదరాబాద్‌లో మద్యం తయారుచేసిన మెక్‌డోవెల్ కంపెనీ కేసులో 1985లో జస్టిస్ ఒ.చిన్నప్పరెడ్డి పన్ను తప్పించుకునే ఎత్తుగడలపై విడిగా రాసిన తీర్పు మీద పండితులు నేటికీ వాదించుకుంటున్నారు.

ఏం చదవాలి?

ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఎల్ఎల్‌బీ, డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయవచ్చు. రెండింటికీ లాసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి: 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. తెలుగులోనూ రాయవచ్చు. దగ్గర్లో హనుమకొండలో కాకతీయ వర్సిటీ లా కాలేజీ ఉంది. నల్సార్ న్యాయ వర్సిటీలో చేరాలంటే క్లాట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఎల్ఎల్‌బీ తర్వాత బార్ కౌన్సిల్‌లో నమోదై, ఆలిండియా బార్ పరీక్ష (ఏఐబీఈ) పాసవ్వాలి. నమోదు ఫీజు జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు లేదని వెనకడుగు వేయకండి.

బోధన, పరిశోధన ఇష్టమైతే ఎల్ఎల్ఎం, నెట్, పీహెచ్‌డీ దారి ఉంది. బీకాం, బీబీఏ చేసినవారు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదై ట్రిబ్యునల్ దాకా క్లయింటు తరఫున హాజరుకావచ్చు. హైకోర్టులో వాదించాలంటే మాత్రం న్యాయవాది కావాల్సిందే. ప్రభుత్వం వైపు పనిచేయాలనుకుంటే గ్రూప్-1లో కమర్షియల్ టాక్స్ ఆఫీసర్, గ్రూప్-2లో అసిస్టెంట్ కమర్షియల్ టాక్స్ ఆఫీసర్ పోస్టులుంటాయి.

ఈ వారమే మొదలుపెట్టండి

సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో తీర్పులు ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. వారానికో తీర్పు తీసుకుని, జరిగిందేమిటి, ప్రశ్న ఏమిటి, జవాబు ఏమిటి, కారణం ఏమిటి అని నోట్సు రాయండి. ఇంగ్లిషు మొదట్లో కష్టపెడుతుంది, రాస్తూ పోతే లొంగుతుంది. పట్టా వచ్చాక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరిన మొదటి కొన్నేళ్లు సంపాదన తక్కువే. ఇంట్లో ఆ సంగతి ముందే చెప్పి ఒప్పించుకోండి.

పన్ను ఉత్తర్వు ఇప్పుడు పన్ను శాఖ పోర్టల్‌లోకి వస్తుంది. కేసముద్రంలో మిర్చి కొనే చిన్న వ్యాపారి దాన్ని చూసుకునేసరికి అప్పీలు గడువు దాటిపోవచ్చు. వెంటనే చదివి, సమయానికి అప్పీలు వేసే మనిషి హైదరాబాద్‌లో కాదు, అతని ఊరికి దగ్గర్లో ఉండాలి. ఆ పనికి మీరు తయారుకండి.